వంకాయరంగు తీగ

షువైఖ్‌లో మా షెడ్డు. మధ్యాహ్నం మూడు.
షట్టరు సగం దించితే
ఎండ మోకాళ్లదాకా లోపలికొచ్చి కూర్చుంటుంది.
మధ్యలో షెవర్లే, అరవైతొమ్మిది మోడలు,
బానెట్టు తెరుచుకుని
పన్ను పీకించుకోను వచ్చిన పెద్దమనిషి మాదిరి.

మిషాల్ తెచ్చిన అట్టపెట్టెలో కొత్త హార్నెస్సు
చుట్ట చుట్టుకుని ఉంది, ఇంకా నూనె తగలని వాసనతో.
ముందు పాతది బయటికి లాగల్ల.
టేపు విప్పుతుంటే తొడుగు
పుటుక్కు పుటుక్కుమని రాలుతుంది,
యాభై ఎండాకాలాలు కాల్చిన అప్పడం.

నాకు రంగులు ఇంట్లో మాటలతోనే గుర్తు.
హారనుకు మునగాకు పచ్చ,
దూరపు లైటుకు చిలకపచ్చ, దగ్గరి లైటుకు బెల్లం రంగు.
ఇగ్నీషనుకు ఉల్లిపొర.
స్టార్టరుకు వంకాయ.
రఫీకుల్ నా వెంటే పలుకుతాడు బెంగాలీ నాలుకతో,
"బొంకాయ్, బొంకాయ్."
నవ్వు ఆగక స్క్రూడ్రైవరు జారవిడిచినా.

ఇంజను గోడ రబ్బరు బుష్షు దాటినాక
తీగల మెడల్లో బట్టటేపు చీటీలు.
తుడిచి చూస్తే అంకెలు.
"అరబీనా?" అన్నాడు రఫీకుల్.
మిషాల్ అద్దాలు పైకి నెట్టి చూసి
"మా అంకెల్నే మేం హిందీ అంకెలంటాం, ఇవి అవి కావు" అన్నాడు.
నేను మాట్లాడలేదు.
౧. ౨. ౩.
పంచాంగంలో తప్ప నేను యాడా చూడని అంకెలు,
ఎవరికీ అర్థం కాకూడదని రాసుకున్నట్టు,
లేదా ఇవే వచ్చు కాబట్టి రాసుకున్నట్టు.
౪. ౫. ౬.
బాల్‌పెన్ను. ఒత్తి రాసే చెయ్యి.

ఏడు లేదు.
ఆరు తర్వాత ఎనిమిది.

ఏడును వెతుక్కుంటా ఒక పూట గడిచింది.
కార్పెట్టు లేపి, గడప రేకు విప్పి,
వెనక సీటు పీకేస్తే
స్ప్రింగుల కింద ఒక ఖర్జూరపు గింజ, ఒక బొత్తాము,
వేలెడంత స్విచ్చి.
దానికి రెండువైపులా వంకాయరంగు.
చీటీ మీద ౭.

స్టార్టరు తీగను మధ్యలో కోసి
ఇంత దూరం తెచ్చి దాచినాడు.
ముందువైపు, ఆ కోత దాటేసి,
తర్వాతెప్పుడో ఇంకెవరో స్పీకరు వైరుతో అడ్డదారి కట్టినారు,
ముడేసి, టేపు కూడా సరిగ్గా చుట్టకుండా.

మిషాల్ టైరు మీద కూర్చున్నాడు.
తొంభైలో, ఆగస్టులో, ఈ కారు రిపేరుకు ఇచ్చి ఉన్నింది.
సైనికులొచ్చి షెడ్లలో బండ్లన్నీ తోలుకుపోయినారు.
దీని తాళం తిప్పితే ఉలకలేదు, పలకలేదు.
కోపానికి తలుపు తన్ని పోయినారు.
"ఆ సొట్ట నాన్న తీయించలేదు.
బండికి రోషముందని చెప్పుకునేవాడు చచ్చేదాకా."

ఆ మెకానిక్కు?
"అమ్మాన్ పోయే బస్సెక్కినాడంట. ఇండియావాడు. పేరు..."
నుదురు రుద్దుకున్నాడు.
"నాన్నకు తెలిసుండేది."

స్విచ్చి చేతిలోకి తీసుకుని
టిక్కు. టిక్కు.
ఏ తీగకూ తగలని స్విచ్చిని
టీ చల్లారేదాకా నొక్కుతానే ఉన్నాడు.

కొత్త హార్నెస్సులో ఏడుకు చోటు లేదు.
ఫ్యాక్టరీ పటంలో లేనిది ఎట్లుంటుంది.
ఆ రాత్రి వంకాయరంగు తీగ ఆరు మీటర్లు కొలిచి
ఎవరూ అడక్కుండానే కోసినా.
సీటు కిందికి, మళ్లీ అదే దారిన.
చీటీ మీద అంకె వేయబోతే చెయ్యాగింది:
ఏడుకు కొక్కెం ఎటు తిరుగుతుంది?
పాతదాన్ని పక్కన పెట్టుకుని చూసి రాసినా,
బడిపిల్లోని మాదిరి, నాలుక కొరుక్కుంటా.
బిల్లులో వేయలేదు.

గురువారం సాయంత్రం బ్యాటరీ తగిలిచ్చి
సీటు కింద టిక్కు, ముందు తాళం,
ఇంజను గొంతు సవరించుకుని లేచింది.
రఫీకుల్ చప్పట్లు.
మిషాల్ ఎడమ ఇండికేటరు వేసినాడు.
కుడిదీ వెలిగింది, దాంతోపాటు రేడియో దీపం కూడా.

యాడో ఎర్తు అందలేదు.
అట్టముక్క పరుచుకుని
మళ్లీ కిందికి దూరినా.